కహెలె గారి ఎకరం నలభై సెంట్లు

1979 మార్చిలో, హొనొలులూలో నేను పనిచేస్తున్న సర్వే సంస్థ నన్ను కవాయి ద్వీపం ఉత్తర తీరంలోని ఒక లోయ పనికి వేసింది. అప్పుడు నా హోదా పార్టీ చీఫ్. ఆ పేరు విని మా బంధువులు నేనేదో రాజకీయాల్లో చేరాననుకున్నారు. కోణాలు కొలిచే థియోడొలైట్‌లో చూసేవాడు ఒకడు, కర్ర నిలబెట్టేవాడు ఒకడు, వాళ్ళిద్దరి మీద పెత్తనం చేస్తూ ఫీల్డ్ పుస్తకం రాసేవాడు ఒకడు, ముగ్గురూ కలిస్తే సర్వే భాషలో పార్టీ. ఆ మూడోవాణ్ణి నేను.

లోయ పేరూ, పని ఇచ్చిన కంపెనీ పేరూ రాయను. అదొక పంచదార కంపెనీ. చెరుకు గిట్టుబాటు కాక, భూమిని ఒక హోటళ్ళ సంస్థకు అమ్మాలని చూస్తోంది. అమ్మాలంటే హక్కు శుభ్రంగా ఉండాలి. అందుకోసం అక్కడ వేసే దావాని క్వయట్ టైటిల్ అంటారు. ఈ భూమి మాది, ఇంకెవరైనా హక్కుదారులుంటే వచ్చి చెప్పుకోండి, లేకపోతే ఇక మాట్లాడకండి అని కోర్టు చేత అనిపించడం దాని ఉద్దేశం. పత్రికలో ప్రకటన వేస్తారు. దావాకి ఒక మ్యాపు జతచేస్తారు. ఆ మ్యాపు తయారు చేయడం మా పని.

నేను అక్కడికి ఎలా చేరానో రెండు ముక్కల్లో చెబుతాను. మా ఆవిడ సుగుణ నర్సు. గుంటూరు జిల్లాలో మిషన్ ఆసుపత్రిలో చదువుకుంది. 1976లో హొనొలులూలో ఒక ఆసుపత్రి ఆమెను పిలిస్తే, సర్వే శాఖలో డిప్యూటీ సర్వేయరు ఉద్యోగం వదిలేసి నేను ఆమె వెంట వచ్చాను. నర్సమ్మ మొగుడు అని మా చర్చివాళ్ళు కొన్నాళ్ళు ఆట పట్టించారు. అది నిజమే కాబట్టి నేనెప్పుడూ కోప్పడలేదు. మూడు నెలలు తిరిగాక మోరిత గారు నన్ను పనిలో పెట్టుకున్నారు. ఆయన లైసెన్సున్న సర్వేయరు. ఆయన తాత జపాన్ నుంచి చెరుకు నరకడానికి వచ్చినవాడు. నాకు ఇంకా లైసెన్సు లేదు కనక నేను వేసే మ్యాపుల మీద ముద్ర ఆయనదే పడేది.

ఇక అసలు విషయం. హవాయీ ఒకప్పుడు రాజ్యం. పంతొమ్మిదో శతాబ్దం నడుమ, తెల్ల సలహాదారుల మాట మీద, అక్కడి రాజులు భూమిని కాగితం మీద పంచారు. అంతవరకూ దున్నేవాడికి తన మడి ఏదో తెలుసు, పక్కవాడికీ తెలుసు, వ్యవహారం అంతటితో సరిపోయేది. కొత్త చట్టం వచ్చాక ప్రతి రైతూ కమిషన్ ముందుకు వెళ్ళి, ఇద్దరు సాక్షుల చేత చెప్పించి, కొలిపించుకుని పట్టా తెచ్చుకోవాలి. తెచ్చుకున్న ముక్కని కులెయానా అంటారు. వెళ్ళనివాడు పోగొట్టుకున్నాడు. వెళ్ళినవాడి ముక్క చుట్టూ తర్వాత చెరుకు తోటలు వచ్చాయి, కాలం గడిచేకొద్దీ అదీ తోటలో కలిసిపోయింది. మా లోయలో అలాంటి ముక్కలు ఇరవై పైచిలుకు ఉన్నాయి.

వీటితో ఉన్న చిక్కు వృత్తిలో ఉన్నవాళ్ళకే అర్థమవుతుంది. ఆనాటి సర్వేయర్లు ఒక్కొక్క ముక్కనీ విడిగా కొలిచారు. ఫలానా భుజం ఇన్ని గొలుసులు, ఇన్ని లింకులు అని రాశారు. గొలుసు అరవై ఆరు అడుగులు, అందులో నూరో వంతు లింకు. కానీ ఆ ముక్కని ఏ స్థిరమైన గుర్తుకీ ముడివేయలేదు. అంటే ఆకారం తెలుసు, చోటు తెలియదు. చోటు కోసం సాక్షుల వాంగ్మూలాలు చదవాలి. ఈ వైపు ఫలానావాడి మడి, ఆ వైపు వాగు, ఇటు దారి, అటు దొరతనం వారి బంజరు అని వాళ్ళు చెప్పి ఉంటారు.

ఆ వాంగ్మూలాల అనువాదాలు మొదటిసారి చూసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది మన చెక్కుబందీ! మన దస్తావేజుల చివర తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం పుంత, పడమర ఫలానా వారి దొడ్డి, ఉత్తరం పంట కాలువ అని రాస్తామే, అచ్చంగా అదే. ఆఫీసులో తక్కినవాళ్ళు ఆ కాగితాలు చూసి తల పట్టుకుంటుంటే నేను మాత్రం పుట్టింటికి వచ్చినట్టు కూర్చున్నాను. మా నాన్న అదే శాఖలో ముప్పై ఏళ్ళు గొలుసు లాగిన చైన్‌మ్యాన్. చెక్కుబందీ చదవడం నాకు పలకా బలపంతోపాటే వచ్చింది. ఈ పని నాకు వదిలేయండి అని మోరిత గారితో కాస్త గొప్పగానే అన్నాను.

నా పతనం అక్కడే మొదలైంది.

నేను ఒక పెద్ద కాగితం తీసుకుని పట్టిక గీశాను. ఎడమవైపు హక్కుదారుల పేర్లు, పైన నాలుగు గడులు: తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. వాంగ్మూలాల్లో మాత్రం దిక్కుల పేర్లు లేవు. మౌకా, మకాయి అని ఉన్నాయి. మౌకా అంటే కొండవైపు, మకాయి అంటే సముద్రంవైపు. హొనొలులూ నగరం దాని ద్వీపానికి దక్షిణపు ఒడ్డున ఉంది. కొండలు ఉత్తరాన, సముద్రం దక్షిణాన. దారి చెప్పేటప్పుడు కూడా అక్కడివాళ్ళు ఈ మాటలే వాడతారు. మూడేళ్ళుగా బస్సు స్టాపుకైనా, పచారీ కొట్టుకైనా నేను మౌకాని ఉత్తరమని, మకాయిని దక్షిణమని మనసులో తర్జుమా చేసుకునే నడిచాను. తెలుగువాళ్ళం మంచం జరపాలన్నా కాస్త తూర్పుకి జరపండి అంటాం. దిక్కు తెలియకపోతే మనకి అన్నం సయించదు. ఆ అలవాటుతోనే మౌకా అని ఉన్న చోటల్లా ఉత్తరం గడిలో రాసుకుంటూ పోయాను.

మా లోయ ఉన్నది ఇంకొక ద్వీపం ఉత్తరపు ఒడ్డున. అక్కడ సముద్రం ఉత్తరాన, కొండ దక్షిణాన. ఈ సంగతి నాకు తెలియదని కాదు. మ్యాపు గోడకి వేలాడుతూనే ఉంది. కానీ పట్టిక నింపేటప్పుడు నేను మ్యాపు చూడలేదు, నా పట్టికే చూశాను.

చాలా ముక్కలకి దీనివల్ల నష్టం జరగలేదు. వాటి పట్టాల్లో వాగో, రాతిగోడో, ఇంకేదో గుర్తు ఉంది, అవి సరిగ్గానే కూర్చున్నాయి. కహెలె అనే ఆయన ముక్కకి మాత్రం అలాంటిదేమీ లేదు. ఒక భుజం మూడు గొలుసుల ఇరవై లింకులు, ఇంకొకటి నాలుగు గొలుసుల నలభై. మన లెక్కలో ఎకరం నలభై సెంట్లు. వాంగ్మూలంలో మకాయి వైపు నావై అనేవాడి చేమమడి అని ఉంది. నావై మడి ఎక్కడో చర్చి గోడ సాయంతో కచ్చితంగా తెలుసు. నేను మకాయిని దక్షిణం గడిలో రాశాను కనక, నావై మడికి ఉత్తరాన కహెలె ముక్కని పెట్టాను. ఉత్తరాన అంటే ఆ లోయలో సముద్రంవైపు. విచిత్రం ఏమిటంటే అక్కడ వాగు మొగ పక్కన సరిగ్గా అంతే ఖాళీ ఉంది. ముక్క చక్కగా పట్టింది. పట్టినందుకు నేను మురిసిపోయాను కూడా.

ఆ చోటు ఇప్పుడు ఇసుక. పెద్ద వానలకి వాగు దారి మార్చుకుని దాన్ని ఎప్పుడో తినేసింది. అలా నీటిపాలైన భూమి మీద పట్టాదారుకి హక్కు మిగలదని కంపెనీ లాయరు వాదన సిద్ధం చేసుకున్నాడు. మే నెలలో మ్యాపు ఇచ్చినప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపి, ఇంత స్పష్టమైన పని ఈ మధ్య చూడలేదన్నాడు. మోరిత గారి ముద్ర, లెక్క కట్టినవారు అన్న గడిలో నా సంతకం పడ్డాయి. మ్యాపు కోర్టుకు వెళ్ళింది.

జూలైలో, మిగిలిన ముక్కల మూలల్లో ఇనుప గుర్తులు పాతడానికి పార్టీతో లోయకు వెళ్ళాను. రెండో రోజు ఉదయం ఒక పెద్దావిడ మా దగ్గరికి నడిచి వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి. గడ్డి టోపీ, రబ్బరు బూట్లు, మోకాళ్ళ దాకా బురద. కాస్త ఎగువన రేకుల ఇంట్లో ఉంటుంది, చుట్టూ నాలుగు చేమమళ్ళు సాగు చేస్తుంది. అందరూ ఆంటీ రూత్ అనేవారు. ఆ ద్వీపాల్లో పెద్దవాళ్ళందరూ ఆంటీలూ అంకుల్సే, ఇప్పుడు అమెరికాలో మేముంటున్న ఈ బాతెల్ ఊళ్ళో తెలుగు పిల్లలందరికీ మేమైనట్టు. ఆవిడ కహెలె గారి మునిమనవరాలు. కంపెనీ ఆవిడకి రాసిన ఉత్తరంలో మాత్రం కంపెనీ భూమిలో కంపెనీ దయవల్ల ఉంటున్న వ్యక్తి అని ఉంది. దావా నెగ్గితే ఆ ఇల్లూ, మళ్ళూ, ఇంటి వెనకున్న సమాధులూ ఖాళీ చేయాలి.

ఆవిడ మ్యాపు చూపించమంది. కోర్టు కాగితం ఎవరైనా చూడవచ్చు కనక జీపు బానెట్ మీద పరిచాను. మీ ముత్తాత గారి ముక్క ఇదీ అని వాగు మొగ దగ్గర వేలు పెట్టి చూపించాను. నా గొంతులో జాలి కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆవిడ చాలాసేపు చూసింది.

“నువ్వు మొహం ఎటు పెట్టుకుని గీశావు దీన్ని?” అని మాత్రం అడిగింది.

ఆఫీసులో కూర్చుని గీశానండీ అన్నాను.

“రా, నడుద్దాం” అంది.

చర్చి గోడ మూల నుంచి కొండవైపు తిరిగి నడిచాం. నడుస్తూ ఆవిడ పేర్లు చెప్పసాగింది. సముద్రం దగ్గర నుంచి కొండదాకా ఎవరి తర్వాత ఎవరి మడి అన్నది వాళ్ళ నాయనమ్మ నేర్పిందట. ముందు నావై అంది. ఆ తర్వాత కహెలె, అంటే ఆవిడ ఇల్లున్న చోటే. ఆ తర్వాత బంజరు. నా జేబులో వాంగ్మూలాల నకలు ఉంది. అందులోనూ అదే వరస. కహెలెకి మకాయి వైపు నావై, మౌకా వైపు బంజరు. నేను తల ఎత్తి ఎదురుగా ఉన్న కొండని చూశాను, వెనక్కి తిరిగి సముద్రాన్ని చూశాను, జేబులోంచి దిక్సూచి తీసి చూశాను. కొండ దక్షిణాన, సముద్రం ఉత్తరాన. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎంత చిన్న కొలతైనా రెండుసార్లు సరిచూసుకున్నవాణ్ణి, కొండా సముద్రమూ ఎటున్నాయో సరిచూసుకోలేదు. సిగ్గుతో చెవులు మండాయి.

అయితే సిగ్గు సాక్ష్యం కాదు. నాయనమ్మ చెప్పిన పేర్లు కోర్టులో ఎంతవరకు నిలుస్తాయో తెలియదు. నేల మీద ఏదైనా దొరకాలి. అనుకున్న పని పక్కన పెట్టి, పార్టీ ముగ్గురం చెరుకు కత్తులు తీసుకుని ఆవిడ ఇంటి వెనక తుప్పల్లోకి దిగాం. థియోడొలైట్ చూసే బెనీ ఫిలిపీన్స్ నుంచి వచ్చిన కూలీల మనవడు. ఇది కంపెనీ డబ్బులిచ్చే పనేనా అని ఒకసారి అడిగాడు, మళ్ళీ అడగలేదు. గురువారం, శుక్రవారం నరికాం. శనివారం మధ్యాహ్నం, వేళ్ళ కింద, పేర్చిన రాళ్ళ కట్ట ఒకటి బయటపడింది. చేమమడికి ఎగువ గట్టు అది. పక్కనే పూడిపోయిన నీళ్ళ బోదె. కట్టని ఈ చివర నుంచి ఆ చివరికి ఉక్కు టేపుతో రెండుసార్లు కొలిచాను. నాలుగు గొలుసుల ముప్పై తొమ్మిది లింకులు. పాత కాగితంలో నలభై. తేడా ఒక్క లింకు, అంటే దాదాపు ఎనిమిది అంగుళాలు. నూట పాతికేళ్ళ క్రితం గొలుసు లాగిన ఆ అనామకుడికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. కొలతలు, తేదీ, సమయం ఫీల్డ్ పుస్తకంలో ఎక్కించి బెనీ చేత పొడి అక్షరాలు వేయించాను.

మర్నాడు ఆదివారం. ఆంటీ రూత్ పిలిస్తే వాళ్ళ చర్చికి వెళ్ళాను. అమెరికా తూర్పు తీరం నుంచి వచ్చిన మిషనరీలు కట్టించిన రాతి చర్చి. కీర్తన మొదలవగానే నేను ఉలిక్కిపడ్డాను. మాటలు హవాయీ భాషవి, రాగం మాత్రం మా పేట చర్చిలో మా అమ్మ పాడే రాగమే. ఎక్కడి మిషనరీలో మోసుకొచ్చిన ఆ రాగాన్ని అక్కడ వాళ్ళు వాళ్ళ భాషలో, మా ఊళ్ళో మేము మా భాషలో పాడుకుంటూ, ఎవరికి వాళ్ళం అది మాదే అనుకున్నాం. నేను తెలుగులో అందుకున్నాను. ముందు వరసలో పిల్లలు వెనక్కి తిరిగి నవ్వారు.

బయటికి వచ్చాక ఆవిడ మళ్ళీ ఇంగ్లీషులోకి మారిపోయింది. కీర్తనల్లో తప్ప ఇంట్లో హవాయీ ఎందుకు మాట్లాడరని అడిగాను. బళ్ళో మాట్లాడితే కొట్టేవారట. తన పిల్లలు దెబ్బలు తినకూడదని వాళ్ళకి నేర్పలేదట. రూత్ అన్న పేరు కూడా ఇష్టపడి పెట్టింది కాదు. ప్రతి బిడ్డకీ క్రైస్తవ పేరు ఉండాలని ఆ ద్వీపాల్లో చాలాకాలం చట్టం ఉండేది. ఆవిడకి ఇంట్లో వేరే పేరుంది, అది నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. పేరు మార్చారు, భాష మాన్పించారు, పట్టా ఇచ్చి పొలం తీసుకున్నారు. మడుల వరస మాత్రం ఎవరికీ కనబడలేదు కనక ఆవిడ నోట్లో మిగిలిపోయింది. కోర్టులో ఆవిడ తరఫున చెప్పుకోవడానికి ఉన్నదంతా అదే.

ఆ పూట నాకు మా నాన్న గుర్తొచ్చాడు. జిల్లా అంతా గొలుసు లాగిన మనిషి. ఆయన లాగిన గొలుసుతో వేలాది చెక్కుబందీలు రాశారు. వాటిలో ఏ దిక్కునా మా ఇంటిపేరు లేదు. మాకు సెంటు భూమి ఉంటే కదా. ఆంటీ రూత్‌కి ఉన్న వరస మాకు లేదని చర్చి మెట్ల మీద కూర్చుని నిజంగా కుళ్ళుకున్నాను. అంత విలువైనదాన్ని నా పట్టికతో సముద్రంలోకి తోసేశానని ఆ తర్వాత భయపడ్డాను.

హొనొలులూ తిరిగొచ్చి సుగుణకి చెప్పాను. నా మనసులో బేరం ఒకటి నడుస్తోంది. లైసెన్సు పరీక్షకి దరఖాస్తు పెట్టి ఉన్నాను. దానికి ముగ్గురు లైసెన్సున్న సర్వేయర్ల సిఫారసు కావాలి. వాళ్ళలో ఒకాయన ఆ పంచదార కంపెనీకే పనిచేస్తాడు. తప్పు ఎలాగూ ఆవిడ లాయరు పట్టుకుంటాడు, నేను బయటపడటం ఎందుకు అన్నది నా బేరం.

సుగుణ చపాతీ వత్తడం ఆపలేదు. “ఆవిడికి లాయరున్నాడా అసలు?” అంది.

లీగల్ ఎయిడ్ నుంచి ఒకమ్మాయి ఉందని, వాళ్ళకి సర్వేయరుని పెట్టుకునే స్తోమత లేదని చెప్పాను.

“మరి ఎవరు పట్టుకుంటారండీ మీ తప్పు? మా వార్డులో రాంగ్ డోస్ ఇస్తే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాసి తీరాలి. పేషంట్‌కి ఏం కాకపోయినా రాయాలి, ఎవరూ చూడకపోయినా రాయాలి. షిఫ్ట్ అయ్యేలోపే రాయాలి. మీ సర్వేలో అలాంటి ఫారం లేదా?”

లేదన్నాను.

“లేకపోతే తెల్ల కాగితం మీద రాయండి. ఎక్స్‌క్యూజులు రాయకండి. ఏం జరిగింది, ఎప్పుడు తెలిసింది, ఏం చేశారు. మూడే ముక్కలు.”

అలాగే రాశాను. ఒక్క పేజీ. నా పట్టిక నకలు, ఫీల్డ్ పుస్తకంలో శనివారం నాటి పేజీ నకలు జతచేశాను. సోమవారం ఉదయం మోరిత గారి బల్ల మీద పెట్టి నిలబడ్డాను. ఆయన రెండుసార్లు చదివారు. ముద్ర ఆయనది కనక మాట పోయేది ముందు ఆయనకే. నేను తిట్లకి సిద్ధపడ్డాను. ఆయన సొరుగు తెరిచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి నా ముందు పెట్టారు. దాని మీద నాలుగంకెల సంఖ్య చెక్కి ఉంది.

“మా తాతది. తోటలో ఆయన్ని ఈ నంబరుతోనే పిలిచేవారు. జీతం ఇచ్చినా, తిట్టినా దీనితోనే” అన్నారు. నా కాగితం చేతిలోకి తీసుకుని, “నా ముద్ర తప్పు మ్యాపు మీద ఉండకూడదు, శామ్. ఈవేళే కోర్టుకి రాద్దాం” అన్నారు. బిళ్ళ మళ్ళీ సొరుగులో పెట్టేశారు. ఆ తర్వాత దాని సంగతి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సవరణ మ్యాపు, దానితో నా కాగితం కోర్టుకూ, ఇద్దరు లాయర్లకూ ఒకే రోజు వెళ్ళాయి. కంపెనీ లాయరు ఫోను చేసి మొదటి మ్యాపు మీదే నిలబడమని మర్యాదగా అడిగాడు, తర్వాత అంత మర్యాదగా కాకుండా అడిగాడు. రెండుసార్లూ మోరిత గారు రాళ్ళ కట్ట కొలత చదివి వినిపించి ఫోను పెట్టేశారు. నెల తిరక్కుండా కంపెనీ మాకిచ్చే పనులన్నీ ఇంకొకరికి వెళ్ళిపోయాయి. నాకు సిఫారసు రాస్తానన్న ఆయన వీలుపడదని చీటీ పంపాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవరో అన్యాయం చేశారని కాదు, నేను చేసిన తప్పుకి మోరిత గారు నష్టపోతున్నారని.

1981 ఫిబ్రవరిలో కవాయి కోర్టులో విచారణ జరిగింది. నన్ను సాక్షిగా పిలిచింది ఆంటీ రూత్ తరఫు లాయరమ్మాయి. గట్టు, బోదె, వాంగ్మూలం, ఒక లింకు తేడా, అన్నీ వరసగా చెప్పించింది. తర్వాత కంపెనీ లాయరు లేచాడు. ప్రతివాది వెళ్ళే చర్చికి నువ్వు వెళ్ళావా లేదా అని అడిగాడు. వెళ్ళానన్నాను. అక్కడ పాటలు కూడా పాడావటగా అన్నాడు. పాడానన్నాను. ఆ స్నేహం వల్లే మ్యాపు మారిందని ఒప్పుకుంటావా అన్నాడు.

“లేదండి. చర్చికి వెళ్ళింది ఆదివారం. కట్ట కొలిచింది శనివారం. ఫీల్డ్ పుస్తకంలో తేదీ ఉంది, రెండో మనిషి అక్షరాలున్నాయి” అన్నాను.

అప్పుడాయన అసలు బాణం తీశాడు. మొదటి మ్యాపు మీదా నీ సంతకమే, రెండోదాని మీదా నీ సంతకమే. ఒకసారి తప్పు చేసినవాణ్ణి రెండోసారి ఎందుకు నమ్మాలి అన్నాడు. కోర్టు హాలంతా నా వైపే చూస్తోంది. వెనక వరసలో సుగుణ, నైట్ డ్యూటీ దిగి ఆ బట్టల్లోనే పొద్దుటి విమానంలో వచ్చి కూర్చుంది. నేను పట్టిక నకలు జడ్జి గారికి చూపించి, మొదటి తప్పు నాదేనని, కొండవైపుని ఉత్తరమని రాసుకున్నానని, ఆ లోయలో కొండ దక్షిణాన ఉందని చెప్పాను. నన్ను నమ్మనక్కర్లేదు, ఎవరైనా వెళ్ళి ఆ గట్టు కొలుచుకోవచ్చని కూడా అన్నాను. జడ్జి గారు ఆ ద్వీపంలో పుట్టి పెరిగినవారు. పట్టిక వైపు చూసి తల పంకించి ఏదో రాసుకున్నారు.

కహెలె ముక్క నావై మడికి ఎగువనే ఉందని తీర్పు వచ్చింది. అంతటితో కథ సుఖాంతమని అనుకోవద్దు. అప్పటికే కంపెనీ కాలిఫోర్నియాలో ఉన్న ఇద్దరు వారసుల దగ్గర వాళ్ళ వాటాలు కొనేసింది. ఎకరం నలభై సెంట్లలో కొంత పంపకంలో పోయింది. ఇల్లు, రెండు మళ్ళు, సమాధులు ఆవిడకి మిగిలాయి. నాకు లైసెన్సు అనుకున్న దానికంటే రెండేళ్ళు ఆలస్యంగా, 1982లో వచ్చింది. మోరిత గారి సంస్థ ఆ రెండేళ్ళూ చిన్నాచితకా ఇళ్ళ సర్వేలతో నెట్టుకొచ్చింది.

చివరి మ్యాపు దాఖలు చేసేటప్పుడు కొండని పైన పెట్టి గీశాను. గుమాస్తా తిప్పి పంపాడు. ఉత్తరం పైన ఉండాలన్నది నిబంధన. నిబంధన ప్రకారం మళ్ళీ గీసిచ్చాను, రికార్డులో ఈనాటికీ అలాగే ఉంది. కొండని పైన పెట్టి గీసినదాన్ని ఆంటీ రూత్‌కి ఇచ్చాను. ఆవిడ దాన్ని చేతుల్లో పట్టుకుని, ఇంటి ముందు కొండవైపు తిరిగి నిలబడి, ఒక్కొక్క పేరూ మనవరాళ్ళ చేత చదివించింది. హవాయీలో చదవడం వాళ్ళకి అంతగా రాదు. ఆవిడ పక్కనుండి దిద్దుతూ పోయింది, పూర్తయ్యేదాకా వదిలిపెట్టలేదు.

ఆ తర్వాత ఇంకా ఇరవై ఏళ్ళు ఆ ద్వీపాల్లోనే పనిచేశాను. ఏ ముక్కకైనా ముందు నేల మీదికి వెళ్ళి, అక్కడివాళ్ళు హద్దులు ఎలా చెబుతారో విని, పట్టిక ఆ తర్వాతే గీసేవాణ్ణి. నా కింద పనిచేసిన కుర్ర సర్వేయర్లు దీన్ని చాదస్తం అనేవారు. తెచ్చుకున్న చదువూ, పుట్టిన దేశపు అలవాటూ కొలతకి పనికొస్తాయి కానీ, కొలిచే చోటు ఏదో అవి చెప్పవని నాకు ఆ లోయలో తెలిసింది. తప్పు తెలిసిన రోజునే కాగితం మీద పెట్టాలని కూడా అక్కడే తెలిసింది. ఆ తప్పు నాదే అని కోర్టులో చెప్పడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. చెప్పకుండా ఊరుకుని ఉంటే, కహెలె గారి ఎకరం నలభై సెంట్లు నా లెక్క ప్రకారం ఈనాటికీ సముద్రంలోనే ఉండేవి.